మాన్సా చెవుల్లోనే మోగిన పాట

ఇంట్లో ప్రాక్టీసుకి ఏ పియానో కొనాలని ఎవరైనా అడిగితే, నేను ముందు మా మేనకోడలి సంగతి చెబుతాను.

మా చెల్లెలు అజోవా మా ఊరు టకోరాడిలో చర్చి బృందంలో పాడేది. మార్చిలో పోయింది. బంధువులంతా కూడేదాకా మార్చురీలో ఉంచి, ఆరు వారాల తర్వాత పూడ్చాలని పెద్దలు నిర్ణయించారు. దాని కూతురు మాన్సాకి పన్నెండేళ్లు.

"అమ్మ పాడే పాట ఆ రోజు చర్చి పియానో మీద నేనే వాయిస్తా మావయ్యా," అంది.

మా వాళ్లలో పిల్లల బాధ్యత మేనమామదే. పాత పియానోలు బాగుచేసే ఆర్హిన్ గారి షెడ్డుకి వెళ్లాను. అక్కడ ఒక చెక్క పియానో ఉంది. మీట నొక్కితే వేలు నొప్పి పుట్టింది.

"ఇంత గట్టిగా ఉందేంటి పెద్దాయనా?"

"చర్చిలోది ఇంకా గట్టిదయ్యా. దీనిమీద చెయ్యి తిరిగితేనే అది పలుకుతుంది."

ఇంట్లో చెప్పగానే మా పెద్దమ్మ గయ్యిమంది. "అజోవా ఇంకా మార్చురీలోనే ఉంది, అప్పుడే ఇంట్లో వాయిద్యాలా? వీధిలో తలెత్తుకోనిస్తావా?"

అందుకని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వాయించే కరెంటు పియానో కొన్నాను. తెలివైన పని చేశాననుకున్నాను. దారిలో ఆర్హిన్ గారు చూశారు.

"పియానో తెమ్మంటే, అడుగు ఆనితే చాలు కూసే పిల్లకాయల కీచు చెప్పులు తెచ్చావేంటయ్యా!"

నవ్వేసి వచ్చేశాను.

మాన్సా రోజూ బడి నుంచి రాగానే కూర్చునేది. మాకు టిక్కు టిక్కుమని మీటల చప్పుడే వినిపించేది. ఒకరోజు ఇయర్‌ఫోన్లు లాగేసి, "తప్పు లేకుండా వచ్చింది మావయ్యా!" అని గంతేసింది. అమ్మ పోయాక అది నవ్వడం అదే మొదలు.

పూడ్చే శనివారం చర్చి నిండిపోయింది. మాన్సా ఇంట్లో నొక్కినట్టే మెత్తగా నొక్కింది. మీటలు దిగాయి గానీ సగం స్వరాలు పలకలేదు. గట్టిగా నొక్కబోతే పాట తప్పింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ తప్పింది. అజోవా పక్కన పాడే ఆడవాళ్లు పాట అందుకున్నారు. మాన్సా చేతులు ఒళ్లో పెట్టుకుంది. వెనక వరసలో ఆర్హిన్ గారు తల దించుకున్నారు.

పూడ్చి వస్తుంటే మాన్సా నా చెయ్యి పట్టుకుంది.

"ఇంట్లో వచ్చింది మావయ్యా. మొత్తం వచ్చింది."

"తెలుసమ్మా."

"నీకెలా తెలుసు? నువ్వు వినలేదుగా. ఎవరూ వినలేదు."



తర్వాతి వారం ఆర్హిన్ గారి చెక్క పియానో ఇంటికి తెచ్చాను. ఇప్పుడు ఎంత గట్టిగా వాయించినా మా పెద్దమ్మ ఏమీ అనదు. మాన్సా రోజూ దానిమీద దుమ్ము తుడుస్తుంది. మూత మాత్రం ఇంకా తెరవలేదు.