సాంచాల గొంతు

నాకు మెల్లగా మాట్లాడటం రాదు. సిరిసిల్లలో మరమగ్గాల మధ్య పెరిగినదాన్ని. మేం వాటిని సాంచాలంటాం. అవి ఆడుతుంటే పక్కనున్న మనిషిని అన్నానికి పిలవాలన్నా గొంతు చించుకోవాల్సిందే. వాటి దగ్గర నిలబడీ నిలబడీ మా బాపుకు, అదే మా నాన్నకు, చెవులు మందగించాయి. అందుకే మా ఇంట్లో రహస్యాలు ఉండవు.

ఆ గొంతుతోనే ఈ మధ్య మందమర్రిలో ఒక నర్సింగ్ కాలేజీలో టీచర్‌గా చేరాను. ఇంటింటికీ వెళ్లి రోగుల్ని చూడటం ఎలాగో అక్కడి పిల్లలు గోడమీది చార్టు చూసి నేర్చుకునేవారు. చార్టులో తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, తల్లి ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. పిల్లల్ని మొదటి ఏడాది నుంచే వారానికో రోజు గని కార్మికుల క్వార్టర్లకు తీసుకెళ్లేలా కొత్త కోర్సు రాశాను. అందులో మొదటి పాఠం, గుమ్మంలో నిలబడి ఇంట్లో అందరికీ వినపడేలా పలకరించడం.

"యూనివర్సిటీ నుంచి ప్రేమ్‌సాగర్ సార్ వస్తున్నరు. ఆయన ముందట ఒక్కసారి చేసి చూపియ్యి శ్యామలా. మంచిగుంటే పెడ్తం. లేకుంటే మళ్ల చార్టే," అన్నారు ప్రిన్సిపాల్ రోజారాణి మేడమ్.

ఆ చార్టును దింపించకపోతే నేను నేనే కాదనుకున్నాను.

ఆ రోజు బాగా పొద్దెక్కాక కాలనీకి వెళ్లాం. తలుపులన్నీ వేసి ఉన్నాయి, చప్పుడే లేదు. ఎంత ప్రశాంతంగా ఉందో అని మురిసిపోయాను. నా పిల్లలంతా ఖానాపూర్ వైపు రైతుల బిడ్డలు, హాస్టల్లో ఉండేవాళ్లు. గని కాలనీలు వాళ్లకూ కొత్తే. నేర్పినట్టే గుమ్మానికొకరు నిలబడి, "నమస్తే అవ్వా! నర్సింగ్ కాలేజీ నుంచి వచ్చినం!" అని ఒక్కసారిగా అరిచారు. నా శిష్యులు కదా మరి.

కాలనీ అంతా లేచి కూర్చుంది. రాత్రంతా గనిలో పనిచేసి అప్పుడే కునుకు తీసిన మగవాళ్లు లుంగీలు సర్దుకుంటూ బయటికొచ్చారు.

"నైట్ షిఫ్టు చేసి వచ్చినం. జర పండనియ్యరా?" అని మొదటి ఇంటి రాయమల్లు గుడ్లురిమాడు.

వెనక ప్రేమ్‌సాగర్ సార్ జేబులోంచి పెన్ను తీశారు. నా కోర్సు అయిపోయినట్టే అనిపించింది.

అంతలో రాయమల్లు భార్య దేవవ్వ స్టూలు తెచ్చి అతని ముందు వేసింది. "ఎట్లాగూ లేస్తివి, కూసో. బీపీ సూపిచ్చుకొమ్మని ఎంత మొత్తుకున్న! ఎవరన్న వచ్చినప్పుడల్లా నువ్వు డ్యూటీలన్న ఉంటవి, నిద్రలన్న ఉంటవి."

మా పిల్లల్లో రేవతి అతని చేతికి పట్టీ చుట్టి చూసింది. మళ్లీ చూసింది. బీపీ బాగా ఎక్కువగా ఉంది. రాయమల్లు కోపం దిగిపోయి, ఏ డాక్టర్ దగ్గరికి పోవాలని అడిగాడు. ఇది చూసి పక్కిళ్ల ఆడవాళ్లు కూడా మొగుళ్లను ముందుకు నెట్టారు. చాయ్ వచ్చింది. నవ్వులు మొదలయ్యాయి. చివరికి సార్ కూడా చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చున్నారు.

"కోర్సు బాగుందమ్మా. కానీ ఈ టైమ్ ఎవరు పెట్టారు?"

"నేనే సార్. మా సిరిసిల్లలో ఈపాటికి ఊరంతా మేలుకునే ఉంటుంది."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. దేవవ్వ మధ్యలో అందుకుంది. "ఇంకోసారి పొద్దుగూకే ముందట రాండ్రి బిడ్డా. అప్పటికి వీళ్లు లేస్తరు, ఫస్ట్ షిఫ్టోళ్లు ఇల్లు చేరుతరు. గాని పిలుసుడు మాత్రం గిట్లనే గట్టిగ పిలువుండ్రి. మా ఆయన మాటకు లేసే రకం గాదు!"

"ఆమె చెప్పిన టైమ్ రాసుకోండి. వచ్చే ఏడాది నుంచి పెట్టేయండి," అన్నారు సార్.

సంతోషం పట్టలేక అక్కడే బాపుకు ఫోన్ చేశాను. ఆయన వెనక సాంచాల మోత.

"బాపూ, నా కోర్సు ఒప్పుకున్నరు!"

"ఏంది బిడ్డా?"

"ఒప్పుకున్నరూ!"

అంతకుముందు గోలకు కూడా తెరుచుకోని చివరి క్వార్టర్ తలుపు నా కేకకు తెరుచుకుంది. కళ్లు నులుముకుంటూ ఒకాయన బయటికొచ్చాడు. "నమస్తే బాపూ, జర కూసోండ్రి," అంటూ రేవతి బీపీ మిషన్ పట్టుకుని అటు పరుగెత్తింది.

ఫోన్లో మా బాపు నవ్వుతున్నాడు. "ఇనవడ్డది బిడ్డా," అన్నాడు.