అంచు అల్లే మనిషి

తడిపిన తోలును పంకజం చెంపకు ఆనించి చూసింది. ఇంకా చల్లగానే ఉంది, కానీ అంచుల దగ్గర రంగు తేలిపోతోంది. ఇంకో అయిదు నిమిషాలు ఆరితే కత్తికి లొంగుతుంది. దాన్ని పాలరాతి పలక మీద పరిచి తెర సందులోంచి చూసింది. తెరకు అవతల అమ్మాసి మెట్ల వైపు మొహం పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. ఎవరైనా పైకొస్తే దగ్గుతాడు. అది ఇద్దరి మధ్యా గుర్తు.

పెరియమేడు తోలు గోదాముల సందులో, ఒక దుకాణం మీది అంతస్తు అది. పంకజం ఇరవై రెండేళ్ళుగా అక్కడ అంచులు అల్లుతోంది. మాస్టర్ అమ్మాసి పువ్వులు, చిలకలు చెక్కిన పెళ్ళి ఆల్బం తోలు అట్టలకు చుట్టూ చిల్లులు పొడిచి, సన్నటి తోలువారును జడలాగా అల్లుకుంటూ పోవడం ఆమె పని. అంచు ఎంత పొడవుంటే దానికి ఏడింతల వారు పడుతుంది. పాత వారు ఎక్కడ అయిపోయిందో, కొత్తది ఎక్కడ అతికిందో ఆమె చూపిస్తే తప్ప ఎవరికీ కనిపించదు. అయినా అట్టను చేతిలోకి తీసుకున్నవాళ్ళెవరూ అంచు చూడరు, చిలకను చూస్తారు.

ఆ చిలకను తానూ చెక్కాలని మొదటి ఏడాదే అడిగింది. అమ్మాసి నవ్వాడు. "వారు లాగేది ఆడోళ్ళ పని. కత్తి నీకెందుకుమే?" అన్నాడు. పద్దెనిమిదేళ్ళ పాటు అదే జవాబు.

నాలుగేళ్ళ కిందట అతని కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట టీ గ్లాసు దగ్గర, తర్వాత కత్తి దగ్గర. ఒకరోజు నెమలి మెడ మీద గీత అడ్డంగా జారి అట్ట పాడైంది. ఆ అట్టను చొక్కా లోపల దోపుకుని ఇంటికి పట్టుకుపోయాడు. మర్నాడు తెర వెనక్కి పిలిచి, ఒక తోలుముక్క పంకజం ముందు పడేశాడు.

"ఆకు గియ్యి."

మూడు నెలలు ఆకు తప్ప వేరేది గియ్యనివ్వలేదు. "కత్తిని నీ తట్టు లాగాల, తొయ్యగూడదు. తోలులో సగందాకానే దిగాల. గీత అవతలికి తేలిందంటే చచ్చినట్టే" అనేవాడు. గీత వంకర పోతే సుత్తి కొయ్యపిడితో ఆమె వేళ్ళ మీద కొట్టేవాడు. వ్యాసర్పాడిలో తన ఒంటిగది ఇంట్లో, రుబ్బురాయి బోర్లించి దాని మీద తోలుముక్కలు పెట్టుకుని, కూర తరిగే చాకుతో ఆకులు గీసుకునేది పంకజం. ఆకు వచ్చాక పువ్వు, పువ్వు వచ్చాక చిలక. తర్వాత పొదగడం: చిలక ముక్కు మేరకు తోలును కోసి తీసేసి, ఎర్రతోలు ముక్క అంచులు కాగితంలా పలచగా గీకి, గోరు తగిలినా తెలియకుండా అందులో కూర్చోబెట్టడం. అది వచ్చిన రోజు అమ్మాసి ఆ ముక్కు మీద గోరు నడిపి చూశాడు. లేచిపోయి కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

అప్పట్నుంచి బొమ్మలన్నీ ఆమెవే. చివర మూలలో తన ముద్ర మాత్రం అతనే వేసేవాడు. చిన్న ఇత్తడి ముద్ర, అందులో ఒక 'అ'. వణికే చేతిలో అది నిలవదు కాబట్టి పంకజం అతని మణికట్టు పట్టుకునేది. ఆ చెయ్యి ఆమె గుప్పిట్లో పిట్టలా కొట్టుకునేది. సుత్తి దెబ్బ మాత్రం ఆమే వేసేది.

ఆ రోజు చిలకల జంట సగం పూర్తయ్యేసరికి అమ్మాసి దగ్గాడు. పంకజం కత్తి వదిలి తెర బయటికొచ్చి తన పీట మీద కూర్చుంది. యజమాని మోహన్‌రాజ్ ముగ్గురిని వెంటబెట్టుకుని పైకొచ్చాడు. హస్తకళల సంఘం వాళ్ళు. ఆ ఏడాది సత్కారానికి అమ్మాసిని ఎంపిక చేశారట. ఒకామె అతని భుజాల మీద జరీ శాలువా కప్పింది. కెమెరా పట్టుకున్న అతను తెర పక్కకు లాగేసి, "మాస్టర్, ఒక్క గీత గియ్యండి, వీడియో తీసుకుంటాం" అన్నాడు.

అమ్మాసి కళ్ళద్దాలు సర్దుకుని కత్తి వైపు చూశాడు. పంకజం అతని వైపు చూసింది.

"ఈ పొద్దు అమాస సార్. నేను పుట్టింది అమాసకే, పేరూ అదే. ఈ దినం తోలు మీద కత్తి పెట్టను" అన్నాడు.

వాళ్ళు ముచ్చటపడిపోయారు. కత్తి పట్టుకుని ఊరికే కూర్చోమన్నారు. కుడిచేతి మీద ఎడమచెయ్యి అదిమిపెట్టి కూర్చున్నాడు. ఫొటోలో పంకజం చీర కొంగు పడుతోందని ఆమెను జరగమన్నారు. జరిగింది. శాలువా కప్పినామె అడిగింది, "ఈమె ఎవరు?"

అమ్మాసి తల ఎత్తలేదు. "అంచు అల్లే మనిషి."

మధ్యాహ్నం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని సద్ది విప్పుకున్నారు. పంకజం ముద్ద కలిపి నోట పెట్టుకోకుండానే అడిగింది.

"నేర్పించినానని ఒక్క మాట అనుంటే నీదేం పోతుందన్నా?"

"అంటే నన్ను ఈడ కూర్చోనిస్తారా? ఇంటికి పోయి ఏ గోడ చూస్తా ఉండాల?"

"మరి నేను?"

"నీకు చెయ్యి ఉండాది పంకజం. నాకేముండాది?"

ఆమె గిన్నె మూసేసింది. ఆ మాటలో నిజం ఉందని ఆమెకు తెలుసు. అందుకే ఇంకా మండింది. ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు. తెర వెనక చిలకల జంట ముగించి, ముక్కులు పొదిగింది. చెయ్యి పట్టి ముద్ర వేయించింది, అతని మొహం చూడకుండానే. అతన్ని అక్కడే వదిలి బయటికొచ్చి వేరే అట్ట అందుకుని, అంచు చిల్లులు పొడిచి, సూదికి వారెక్కించింది.

మూడు దాటాక అమ్మాసి తెర వెనకనుంచి పిలిచాడు. "పంకజం."

వినపడింది. వరస మధ్యలో ఉంది. కానీ వరస మధ్యలో ఎన్నోసార్లు లేచి వెళ్ళింది, అప్పుడు మాత్రం లేవలేదు. పిలవనీ అనుకుంది. అతను మళ్ళీ పిలవలేదు. ఆ వైపు అంచు మొత్తం అల్లి, కొస లోపలికి దోపి, సుత్తితో మెల్లగా అణిచాక లేచి వెళ్ళింది. అమ్మాసి గోడకు ఆనుకుని ఉన్నాడు, శాలువా ఒక భుజం మీదికి జారింది. ఒళ్ళో కుడిచెయ్యి కదలడం లేదు. నాలుగేళ్ళలో ఆ చెయ్యి కదలకుండా ఉండడం ఆమె అప్పుడే చూసింది.

ఆసుపత్రికి తీసుకుపోతే ప్రాణం లేదని చెప్పారు. అతని తమ్ముడు వచ్చి అటునుంచి అటే ఇంటికి తీసుకుపోయాడు. సాయంత్రం అయిదింటికి పంకజం తన సంచి కోసం మేడ ఎక్కేసరికి మోహన్‌రాజ్ చిలకల అట్టను కిటికీ వెలుతురులో పెట్టి ఫొటో తీస్తున్నాడు.

"దీనికి అంచు అల్లొద్దుమా. ఇట్లే ఉండనీ. మాస్టర్ చివరి పని. అద్దం బిగించి కింద షాపులో పెడదాం."

"అది నా చెయ్యి సార్."

"తెలుసు."

పంకజం సంచి అందుకోబోయి ఆగింది.

"ఎప్పట్నుంచి?"

"ఎప్పుడో తెలుసు. పేరు ఆయనది, పని ఎవరిదైతే ఏంమా? రేపట్నుంచి ఆ కత్తి నువ్వే పట్టుకో. ముద్ర ఉంది గదా, అదే కొట్టు. ఎవరూ అడగరు."

ఆమె తన చేతులకేసి చూసుకుంది. చూపుడువేలి పక్క కాయ కాచి గోధుమరంగుకు తిరిగింది. అరచేతిలో మధ్యాహ్నం పట్టుకున్న మణికట్టు వణుకు ఇంకా ఉన్నట్టే ఉంది.

"ముద్ర కొట్టేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకుంటా ఉంటి. ఇంక ఎవురి చెయ్యి పట్టుకునేది సార్?"

మోహన్‌రాజ్ ఫోను మోగింది, ఎత్తాడు. పంకజం సంచి తీసుకుని, తన దబ్బనం, రెండు సూదులు కొంగులో మూటకట్టుకుంది. కత్తి ముట్టుకోలేదు.

"నేను రేపు రాను. ఎల్లుండీ రాను" అని, అతను విన్నాడో లేదో చూడకుండా మెట్లు దిగి, అమ్మాసి ఇంటి వైపు నడిచింది.

తెర వెనక పాలరాతి పలక మీద అమ్మాసి కళ్ళద్దాలు ఉండిపోయాయి. విరిగిన కమ్మీకి తోలువారు తనే చుట్టుకున్నాడు కాబోలు, రెండుచోట్ల వారు మీద వారు ఎక్కి ఉంది, ముడి బయటికే కనిపిస్తోంది.