మచ్చ పడని భుజం

“ఊళ్ళో పిల్లల భుజాలన్నీ కొలిచొస్తావు. సొంత పిల్ల భుజం చూసుకోవడానికి మాత్రం తీరిక లేకపోయింది.”

పొద్దున్నే గిన్నెలు తోముతుంటే అత్తగారు వెనకనుంచి ఈ మాట అనడం కొత్త కాదు. పదకొండు నెలలుగా కోడలు వింటూనే ఉంది. కడిగిన గిన్నెతో పాటు ఆ మాటనూ బోర్లించి, చేతులు తుడుచుకుని, భర్తకు డబ్బా సర్ది పనికి బయల్దేరింది.

ఆమె పని బడుల్లో. పుట్టినప్పుడు క్షయ టీకా వేయించుకున్న పిల్లలకు పెద్దయ్యాక మామూలు దగ్గులు, జలుబులు, న్యుమోనియా కూడా తక్కువగా వస్తాయా అని కొందరు డాక్టర్లు మూడేళ్ళుగా పరిశోధన చేస్తున్నారు. వాళ్ళ తరఫున బడి బడికీ తిరిగి, పిల్లల చొక్కా ఎడమ చెయ్యి పైకి మడిచి, టీకా మచ్చను చిన్న ప్లాస్టిక్ స్కేలుతో కొలిచి, ఆ ఏడాది ఎన్నిసార్లు దగ్గు పట్టిందో అడిగి రాసుకోవడం ఆమె ఉద్యోగం. పిల్లలు ఆమెకు మచ్చల టీచర్ అని పేరు పెట్టారు. “టీచర్, ఇక్కడ దోమ కుట్టింది, ఇదీ కొలవండి, పెద్దదే!” అని మోచేతులు చాపేవాళ్ళు. సూది వేసినా కొందరికి మచ్చ పడదని ఆమెకు మొదటి వారంలోనే నేర్పారు. కాగితం మీద ‘మచ్చ లేదు’ ఒక గడి, ‘టీకా లేదు’ ఇంకో గడి. ఒకదానికి బదులు ఇంకోదాంట్లో టిక్కు పెడితే చీవాట్లు తప్పవు.

ఇంట్లో మాత్రం ఆ రెండు గడులూ ఒకటే అయిపోయాయి. ఆరేళ్ళ కూతురు న్యుమోనియాతో పోయిన రోజు, చివరి స్నానం చేయించడానికి గౌను తీసినప్పుడు అత్తగారు ఆ ఎడమ భుజం తడిమి చూసింది. “మచ్చేదీ? దీనికసలు సూదే వేయించలేదు!” అంది, వచ్చినవాళ్ళందరికీ వినబడేలా. పుట్టిన మూడో రోజే వేయించింది. చిన్న పొక్కు లేచి, నెల తిరిగేసరికి ఆనవాలు లేకుండా ఆరిపోవడం ఆమెకు బాగా గుర్తుంది. టీకా కార్డు ఇల్లు మారినప్పుడు పోయింది. అందరూ భర్త వంక చూస్తే అతను, “ఏమో, ఆ పనులన్నీ తనే చూసుకునేది” అన్నాడు. నిజమే. అన్నీ తనే చూసుకునేది. అందుకే ఇప్పుడు ఆమె తరఫున సాక్ష్యం చెప్పే మనిషి లేదు.

ఇక మిగిలింది ఆ పరిశోధన ఒక్కటే. దాని ఫలితం చెప్పేది ఇవాళేనని ఇంట్లోనూ తెలుసు. ఆ టీకా మిగతా జబ్బుల్ని ఆపదని తేలితే, సూది వేయించిందా లేదా అన్న ప్రశ్నే ఉండదు. ఆపుతుందని తేలితే, ఆ ఇంట్లో ఆమె బతికున్నంత కాలం దోషే.

ఆ సాయంత్రం ఆఫీసు హాల్లో పెద్ద డాక్టరమ్మ అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. “టీకా పడిన పిల్లల్లో జబ్బులు కొంచెం తక్కువగా కనిపించాయి. కానీ అంత చిన్న తేడా యాదృచ్ఛికంగా వచ్చి కూడా ఉండొచ్చు. పసిపిల్లల్ని తీవ్రమైన క్షయ నుంచి అది కాపాడుతుంది, అందులో సందేహం లేదు. మిగతావాటి సంగతి మన లెక్కల్లో తేలలేదు.”

కుర్చీలు సర్దేదాకా ఆగి ఆమె అడిగింది. “ఒక్క బిడ్డ విషయంలో అయితే చెప్పొచ్చా మేడమ్?”

“ఒక్క బిడ్డ విషయంలో ఎప్పటికీ చెప్పలేమమ్మా.”

ఇంటికి వచ్చేసరికి తల్లీ కొడుకులు భోజనానికి కూర్చున్నారు. “ఏం తేల్చారు మీ డాక్టర్లు?” అంది అత్తగారు. ‘అది వేరే జబ్బులకు పనిచేయదట అత్తయ్యా’ అనేస్తే సరిపోయేది. దారి పొడుగునా ఆ అబద్ధాన్ని నోట్లో తిప్పుకుంటూనే వచ్చింది. కానీ చూడనిది రాయకూడదని మూడేళ్ళుగా అలవాటు పడిన మనిషి.

“ఏమీ తేలలేదు అత్తయ్యా.”

“విన్నావురా? కాదని చెప్పలేదుగా!”

భర్త కంచంలోంచి తల ఎత్తలేదు. “పోనీలే అమ్మా. ఇంకో బిడ్డ పుడితే ఈసారి జాగ్రత్తగా ఉంటుందిలే.”

అతను జాలిపడే అన్నాడు. ఆ జాలి ఆమెను నిలువునా కోసింది. ఏడేళ్ళనాటి సూది గురించి పదకొండు నెలలుగా మాట్లాడుతున్నారు. బిడ్డ ఆఖరి నాలుగు రోజుల గురించి ఈ ఇంట్లో ఒక్కరూ, ఒక్కసారీ ఎత్తలేదు. తనూ ఎత్తలేదు. ఆడపడుచు పిల్లాపాపలతో వచ్చి ఉన్న రోజులవి. బిడ్డ డొక్కలెగరేస్తోందని ఈమె చెబితే, “చిన్న దగ్గుకే ఇంత హడావిడా? నువ్వు ఆస్పత్రిలో కూర్చుంటే ఇంతమందికి వండేదెవరు? వాళ్ళు వెళ్ళనీ” అన్నారు తల్లీ కొడుకులు. ఈమె బిడ్డ నుదుటి మీద తడిగుడ్డ వేసి, వెళ్ళి పొయ్యి వెలిగించింది.

“పుట్టదు” అంది ఆమె.

“ఏంటి?”

“ఇంకో బిడ్డ. రెండో రోజే ఆస్పత్రికి తీసుకెళ్దామన్నాను. చుట్టాలు వెళ్ళేదాకా ఆగమన్నారు మీరిద్దరూ. నేను ఆగాను. ఆగమనే మీకూ, ఆగిపోయే నాకూ ఇంకో బిడ్డ వద్దండీ.”