ఎవరూ మూయని విండో

మళ్ళీ పోయింది, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను, మౌస్ బారెడు దూరంలో ఉంది, అయినా ఫోన్ చేసినవాళ్ళ చిరునామా టైపు చేసే విండో తెర మీంచి తుడిచేసినట్టు మాయమైంది, ఉదయం నుంచి ఇది మూడోసారి, ఫోన్లు అందుకునే ఆపరేటర్ డెనీజ్ చెప్పింది కూడా ఇదే కదా, నేను ముట్టుకోలేదు లోర్న్, నా కళ్ళముందే దానంతటదే పోయింది, అని, విచారణ గదిలో అందరినీ వదిలేసి నా వంకే చూస్తూ, మా ఊరికి అంబులెన్సులు పంపే ఆ ప్రోగ్రాం రాసింది నేనే గనుక, నేనేమో తల దించుకుని కాఫీ కప్పు మూత నొక్కుతూ కూర్చున్నాను.

బయట సుపీరియర్ సరస్సు మీంచి గాలి అద్దాలను ఊపేస్తోంది, ఆ రోజూ ఇలాంటి గాలే, ఆర్వో సాల్మీకి గుండె పట్టేసిందని ఆయన భార్య ఫోన్ చేసింది, ఇంటి నంబరు చెప్పింది, డెనీజ్ టైపు చేసింది, అంతలో లైను తెగిపోయింది, అంబులెన్సుకు పంపేలోపే ఆమె కళ్ళముందే విండో పోయింది, నంబరూ దాంతోపాటే పోయింది, ఇల్లు వెతికి పట్టుకోవడానికి తొమ్మిది నిమిషాలు, అప్పటికే ఆయన పోయాడు, నా చిన్నప్పుడు బడి బస్సు నడిపిన ఆర్వో, ఏరా హియెటాలా, ఆ బూట్ల మంచు దులిపి ఎక్కు, ఇది బస్సు, మీ నాన్న పడవ కాదు, అని నన్ను ఇంటిపేరుతో పిలిచి అరిచే ఆర్వో, ఇప్పుడు విండో మాయమైన ప్రతిసారీ ఆ ఖాళీలో ఆయన మొహమే కనిపిస్తోంది, తలుపు తెరిచి పట్టుకుని నేను ఎక్కేదాకా ఆగినట్టు.

సరే, భయం పక్కన పెట్టు, ఒక్కొక్కటీ చూడు, విండో తెరుచుకున్నా, ముందుకొచ్చినా, వెనక్కి వెళ్ళినా, మూసుకున్నా, ప్రతి కదలికకూ ఒక మాట రాసిపెట్టేలా కోడ్ మార్చాను, నడిపాను, కాచుకున్నాను, తెరుచుకుంది, ముందుకొచ్చింది, అప్పుడే గాలివాన హెచ్చరిక దాని మీదకి దూకింది, చిరునామా వెనక్కి వెళ్ళింది, వెంటనే మూసుకుంది, ఎవరూ నొక్కలేదు, వెనక్కి వెళ్తే మూసెయ్ అని ఆరేళ్ళ క్రితం నేను రాసిన ఒక్క వరుస, తెర చిందరవందరగా ఉండకూడదని రాశాను, ఎంత శుభ్రంగా ఉందో అని మురిసిపోయాను కూడా, మరి ఆ రోజు రికార్డులో ఆపరేటర్ మూసివేశారు అని ఎలా పడింది, మా పై అధికారి గోర్డన్ విచారణలో ఆ మాటే పైకి చదివి, కంప్యూటరుకు నీమీద పగేమీ లేదు కదా డెనీజ్, అని ఆమెను ఇంటికి పంపేశాడు, వెతికాను, ఆ మాటా నాదే, విండో ఎందుకు మూసుకున్నా రికార్డులో అదొక్కటే పడుతుంది, మనిషి కాక ఇంకెవరు మూస్తారని అనుకున్నాను.

ఆమె ఇంటికి ఫోన్ చేశాను, రెండుసార్లు మోగగానే ఎత్తింది, డెనీజ్, మీరు మూయలేదు, నా కోడ్ మూసింది, అన్నాను, అవతల కుళాయి కట్టేసిన చప్పుడు, ఆ తర్వాత నెమ్మదిగా, వద్దులే లోర్న్, నన్ను ఓదార్చకు, నేనే నొక్కాను, ఇప్పుడు గుర్తొచ్చింది, వేలు కిందికి వెళ్ళడం కూడా తెలుస్తోంది, సాల్మీ వాళ్ళావిడకి ఉత్తరం కూడా రాశాను, అంది, జరగనిది ఆమెకు గుర్తొస్తోంది, మూడు వారాలుగా ఆపరేటర్ మూసివేశారు అనే ఆ ఒక్క వాక్యంతో ఇంట్లో ఒంటరిగా కూర్చుని, పంపారా అన్నాను, బల్ల మీదే ఉంది, స్టాంపు అంటించాను, అంది, పంపకండి, చింపెయ్యండి, నేను ఇప్పుడే గోర్డన్ దగ్గరికి వెళ్తున్నాను, అంటున్నాను, అంటూండగానే ఆర్వో ఇంకా బతికున్నప్పటి ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం కళ్ళముందుకొచ్చి నిలబడింది, ప్రోగ్రాం పరీక్షిస్తుంటే ఇదే విండో ఇలాగే నా ముందు పోయింది, నా చెయ్యి తగిలి ఉంటుందిలే అనుకుని భోజనానికి లేచి వెళ్ళాను, చెయ్యి తగల్లేదు, తగల్లేదని అప్పుడే తెలుసు, తెలిసే లేచాను, లైన్లో ఉన్నావా లోర్న్, అంటోంది ఆమె, ఉన్నాను డెనీజ్, ఇంకొకటి చెప్పాలి, నేను దీన్ని ఏప్రిల్లోనే చూశాను.