కోరంగి ఓడ లచ్చాయమ్మ

ఇలా రండమ్మా, దగ్గరకు జరిగి కూర్చోండి. నా గొంతు పెద్దది కాదు, దూరంగా ఉంటే వినబడదు. నేను ఒక తెరచాప ఓడను. ఇప్పుడు ఈ మడచెట్ల బురదలో పక్కటెముకలు తేలి పడున్నాను గానీ, కోరంగిలో నన్ను కడుతున్నప్పుడు నా టేకు వాసన ఏటి అవతలి దాకా వెళ్లేదట.

మా వడ్రంగులకు ఒక పద్ధతి ఉండేది. కొత్త ఓడను ఏట్లోకి తోసేటప్పుడు ఏ ఆడమనిషి చెయ్యి తగిలి కదిలితే ఆమె పేరే పెట్టాలి. నన్ను కట్టించిన షావుకారు తన తల్లి రాజ్యలక్ష్మమ్మ పేరు ముందే రాయించేశాడు. ఆవిడ రెండు చేతులా తోసింది. నేను కదల్లేదు. కోడళ్లు తోశారు, కదల్లేదు. నన్ను నడపబోయే సరంగు ఓలేటి పైడయ్యకు ఏడేళ్ల కూతురు, లచ్చాయమ్మ. పసుపు చేతులు తుడుచుకోవడానికి చోటు దొరక్క ఆ పిల్ల నా ఒంటికి రాసింది. నేను జర్రున జారిపోయాను. సరిగ్గా అప్పుడే పోటు నీళ్లు వచ్చి నన్ను ఎత్తాయి, అంతే. మనుషులకు నీళ్లు కనబడవు, చెయ్యే కనబడుతుంది. షావుకారు మొహం ముడుచుకునే పాత పేరు చెరిపించి, లచ్చాయమ్మ అని రాయించాడు.

దాంతో ఇంకో కట్టుబాటు కూడా వచ్చి పడింది. ఓడకు ఎవరి పేరు పెట్టారో ఆ మనిషి బతికుండగా నడిసముద్రంలో తెరచాప దించకూడదు. ఆమె పోయిన కబురు తెలిస్తేనే దించాలి.

పన్నెండేళ్లు తిరిగాను. పైడయ్య చుక్కాని పట్టుకుని ఇంటి సంగతులన్నీ నాకే చెప్పేవాడు. లచ్చాయమ్మకు పెళ్లయిందని, నీళ్లు పోసుకుందని, పురిటికి పుట్టింటికి వచ్చిందని. ఎన్నో నెలో కూడా నాకు తెలుసు.

ఆ ఏడు గుల్లసున్నం బస్తాలు వేసుకుని బర్మాలో ఉన్న మోల్మీను రేవుకు బయలుదేరాం. ఆరుగురు మనుషులు. అయిదో రోజు పొద్దున నా పలకల సందు ఒకటి వదులై లోపలికి నీళ్లు దిగాయి. సున్నం ఉడకడం మొదలుపెట్టింది. సందుసందునా తెల్లటి ఆవిరి. వాళ్లు అది నిప్పే అనుకున్నారు. నా వెనక పొడుగాటి తాడుతో చిన్న పడవ కట్టి, ఆరుగురూ అందులోకి దిగారు. పొగ తగ్గాక మళ్లీ ఎక్కొచ్చని.

వంటవాడు కాటమయ్య ఒక కాలు పడవలో పెట్టి ఆగి పైడయ్యతో అన్నాడు: “మావా, చాప దింపేసి దిగుదారండి. గాలొచ్చిందంటే మనల్ని ఈడ్సుకుపోద్ది.”

“నోర్ముయ్యెహె. ఇంటికాడ పిల్ల నిండు మనిషి. దాని పేరున్న ఓడకి నడి సంద్రంలో చాప దింపుతానేట్రా?”

“నా అన్నం పొయ్యి మీదుందండి. మాడిపోద్ది.”

“మాడిందంతా నీకే వడ్డిత్తాలే, దిగు.”

అందరూ నవ్వారు. నేను విన్న వాళ్ల ఆఖరి నవ్వు అదే.

కాసేపటికి తడిసి ఉబ్బిన సున్నమే ఆ సందును పూడ్చేసింది, ఆవిరి దానంతట అదే తగ్గింది. వాళ్లు తాడు పట్టుకుని నా వైపు లాక్కుంటున్నారు. అప్పుడు వచ్చింది గాలి. చాప నిండింది. చుక్కాని దగ్గర మనిషి లేడు. ఓడను కదమ్మా, గాలి తోస్తే పోవడమే నాకు తెలుసు. పడవ ఒక అల మీద ఎగిరిపడి, తాడు తెగింది. తెడ్లు వేశారు. “ఆగవే లచ్చాయమ్మా, ఆగమ్మా” అని పైడయ్య అరుస్తూనే ఉన్నాడు. కూతుర్ని పిలిచినట్టే పిలిచాడు. ఆ పిలుపు చిన్నదైపోయి, ఇక వినబడలేదు.

ఎనిమిది రోజుల తర్వాత ఒక పొగఓడ వాళ్లు నన్ను చూశారు. చాప ఎత్తే ఉంది. పొయ్యి మీద అన్నం గిన్నె ఉంది. పైడయ్య తలపాగా చుక్కానికి చుట్టి ఉంది. మనిషి మాత్రం లేడు. నన్ను కాకినాడ లాక్కొచ్చేసరికి ఎన్ని కథలు పుట్టాయో. దయ్యమన్నారు, దొంగలన్నారు. ఆఖరికి అందరికీ నచ్చిన మాట ఒకటే: ఆ పేరే మంచిది కాదు, ఆరుగుర్నీ మింగేసింది.

లచ్చాయమ్మ చంటిబిడ్డను ఎత్తుకుని ఒడ్డుకొచ్చింది. మిగతా ఆడవాళ్లు ఆమెకు దూరంగా జరిగారు. ఆమె నా ఒంటి మీద చెయ్యి వేసి మెల్లగా అడిగింది: “మా అయ్యని ఎక్కడ దింపేసేవే?” నాకు అంతా తెలుసు. చెప్పడానికి అప్పుడు నాకు నోరు లేదు. ఆ రోజు పడిన బాధ ముందు ఈ కుళ్లిపోవడం ఏపాటి.

షావుకారు మళ్లీ రాజ్యలక్ష్మి అని రాయించాడు. అయినా నన్నెవరూ ఎక్కలేదు. ఊళ్లో వాళ్లు ఆమెనూ పేరుపెట్టి పిలవడం మానేశారు. పైడయ్య కూతురు అన్నారు, ఆ పిల్ల తల్లి అన్నారు. ముసలిదై కన్నుమూసేదాకా ఆమె తన పేరు మరొకరి నోట వినలేదు.

నా పని అయిపోయింది తల్లీ. మీకు ఊరంతా వినబడే నోరుంది. ఈ కథ గుర్తుపెట్టుకుని, కోరంగి ఊళ్లోకి వెళ్లినప్పుడు ఓలేటి వారి గుమ్మం ముందు ఆగి, ఆమె మనవలెవరైనా ఉంటే చెప్పండి. కూతురు బతికుందన్న సంతోషంతోనే పైడయ్య చాప దించలేదని చెప్పండి. తాడు తెగేలా లాగింది నేనని, ఆమె కాదని చెప్పండి.