అక్క విగ్గులో తెల్ల వెంట్రుక

జుట్టు ఏరడంలో నన్ను మించినవాడు లేడని నాకు కాస్త పొగరు. విగ్గులు కుట్టే మా దుకాణంలో మొదటి పని అదే. వచ్చిన జుట్టును దువ్వి, రంగు తేడా ఉన్న వెంట్రుకలన్నీ ఏరి చెత్త సంచిలో పడేస్తాం.

క్యాన్సరు మందులకు జుట్టు రాలిపోతుందని డాక్టరు చెప్పగానే అక్క తన జడ కత్తిరించి నా చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఆమె గుండు చూసి కూతురు చిట్టి దగ్గరికి రావడమే మానేసింది. అంతకు ముందు తల్లి ఒళ్లోకెక్కి తెల్ల వెంట్రుకలు వెతికి పీకడమే దాని ఆట. పిల్ల మళ్లీ ఒళ్లోకి రావాలి, అక్కకు అదొక్కటే కావాలి. ఆ జడ జుట్టుతోనే ప్రాణం పెట్టి కుట్టాను. విగ్గు నల్లగా నిగనిగలాడింది.

అక్క దాన్ని పెట్టుకుని గదిలోంచి రాగానే చిట్టి తలుపు వెనక్కి పోయింది.

"నువ్వు మా అమ్మవి కాదు."

"పోన్లేరా, నువ్వు మాత్రం ఏం చేస్తావ్," అంటూ అక్క విగ్గు తీసి నాకిచ్చి, అటు తిరిగి కూర్చుంది. విగ్గును సంచిలో కుక్కుకుని బయటపడ్డాను.

ఇంటికొచ్చి నా మీద నాకున్న కోపమంతా మా ఆవిడ మీద చూపించాను. ఆవిడ ల్యాబులో వెంట్రుకల రంగు మీద పరిశోధన చేస్తుంది. నా కేకలు పట్టించుకోకుండా విగ్గును పాయలు తీసి చూసింది.

"వదిన జడలోంచి ఏరి పారేసినవి ఏవి?"

"దుకాణంలో చెత్త సంచిలో పైనే ఉన్నాయి. ఎందుకూ?"

దారిలో దుకాణం దగ్గర ఆ సంచి తీసుకుని నన్ను ల్యాబుకు లాక్కెళ్లి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. నల్ల వెంట్రుకలో కిక్కిరిసిన చుక్కలు కనిపించాయి.

"రంగు రేణువులవి. ఉన్నవి రెండు రకాలే. ఒకటి నలుపు, గోధుమ ఇస్తుంది, రెండోది ఎరుపు, పసుపు. మొదటిది దండిగా ఉంటే నల్లజుట్టు, బాగా తగ్గితే బంగారు రంగు, రెండోదే ఎక్కువైతే ఎర్రజుట్టు. ఆ పాళ్లు చాలావరకు అమ్మానాన్నల నుంచే వస్తాయి."

"మరి తెల్లది?"

"కుదుట్లో రంగు చేసే కణాలు పని మానేశాయి, అంతే. ఒక్క తలలో కూడా అన్నీ ఒకేలా ఉండవు. కొసలు ఎండకు ఎర్రబడతాయి కూడా. మీరు ఏరి పారేసింది మా వదిననే, మహానుభావా!"

గోడలకు వేసే రంగుల కొట్లోనే బోలెడు డబ్బాలుంటాయి. లోకంలో ఇంతమంది తలలకు రెండే రంగులా! ఆ వింతకు ఎంత ముచ్చటేసిందో, దాన్ని ఇంత తేలిగ్గా విప్పి చూపిన మనిషి మీద అంతకంటే ఎక్కువ ముచ్చటేసింది. పైకి అనలేదు. అంటే నెత్తికెక్కి కూర్చుంటుంది.

విగ్గు విప్పి మళ్లీ మొదలుపెట్టాను. గోధుమవి, ఎర్రబారినవి నల్లవాటిలో కలిపాను. తెల్లవాటిని అక్కకు ఉన్నట్టే కణతల దగ్గర ఒక్కొక్కటిగా కుట్టాను.

ఈసారి చిట్టి తలుపు దగ్గరే నిలబడి చాలాసేపు చూసింది. మెల్లిగా వచ్చింది. ఒళ్లోకెక్కి, అక్క కణత దగ్గర వేళ్లు పెట్టి వెతకసాగింది. అక్క తల కాస్త వంచింది.

"దొరికింది!" అంటూ ఒక్క లాగు లాగింది చిట్టి.

"అబ్బా, పీకకే, నొప్పి!" అంది అక్క, అప్పటి ఆటలోలాగే.