పది గంటల గది

సాయంత్రం ఐదూ నలభైకి కోడలు వీధి తలుపు గడియ పెట్టి, దానికి చిన్న తాళం వేసి, తాళంచెవిని బియ్యం డబ్బాలో దాచింది. రోజూ చేసే పనే. తర్వాత స్టవ్ మీద టీకి నీళ్లు పెట్టి, వెనక అడుగుల చప్పుడు కోసం చెవి ఒగ్గింది.

అత్తగారు వచ్చింది. చేతిలో గుడ్డసంచి. అందులో దువ్వెన, తువ్వాలు, ఒక జత చెప్పులు.

"అమ్మాయ్, పొద్దు పోతోంది. ఇంటికి పోదాం పద."

"ఇదే కదా అత్తయ్యా మన ఇల్లు."

"చాల్లే. పరాయివాళ్లింట్లో ఎంతసేపని కూచుంటాం? ముందు వాళ్ల ముఖాలు చూడు, విసుక్కుంటున్నారు."

వంటగదిలో ఇద్దరూ తప్ప ఎవరూ లేరు.

పగటిపూట ఆవిడంత చురుకైన మనిషి ఆ వీధిలోనే లేదు. బఠాణీలు ఒలుస్తూ రేడియో వార్తలకి ఎదురు ప్రశ్నలు వేసేది. కొడుకు చొక్కా గుండీ ఒకటి తప్పు పెట్టుకుంటే సందు చివర ఉండగానే కనిపెట్టేది. ఎండ పలచబడటం మొదలయ్యేసరికి మాత్రం మనిషి మారిపోయేది. చీకటి పూర్తిగా పడి, దీపాలు వెలిగాక మళ్లీ కుదుటపడి, తిని పడుకునేది. మధ్యలో ఉన్న ఆ కాసేపే గండం. మతిమరుపు జబ్బులో అదొక భాగమని, మందులు కొంతవరకే పనిచేస్తాయని డాక్టరు చెప్పాడు.

ఆ మధ్య ఒక సాయంత్రం గడియ మరిచిపోతే ఆవిడ రోడ్డెక్కింది. కంకర లారీ డ్రైవరు ఆవిడ కాళ్ల ముందు బండి ఆపి, క్యాబిన్‌లో కూర్చోబెట్టుకుని, ఇల్లెక్కడమ్మా అంటే "పోనియ్యి బాబూ, వస్తే చెబుతాను" అందట. చీకటిపడ్డాక దొరికింది. కొడుకు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడే ఊరి బయట వృద్ధుల నిలయానికి వెళ్లి మాట్లాడి వచ్చాడు. శుభ్రంగా ఉంది, తోట ఉంది, నెలాఖరు దాకా ఒక మంచం మనకోసం ఉంచుతామన్నారు అని భార్యతో చెప్పాడు. ఆ తర్వాత ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

అద్దె ఇంటి యజమాని కొడుక్కి పెళ్లి కుదిరి, ఇల్లు ఖాళీ చెయ్యమన్నది కూడా అదే నెలలో. ఎలాగూ కొందామనుకుంటున్నదే కదా అని ఆదివారాలు ఇళ్లు చూడటం మొదలుపెట్టారు.

చూపించేవాడికి తాళాలాయన అని పేరు. నడుస్తుంటే నడుము దగ్గర గలగలమని మోగేవాడు.

మొదటి ఇల్లు నాలుగో అంతస్తులో. లిఫ్టు లేదు. కొడుకు లిఫ్టు మెకానిక్. "ఊళ్లోవాళ్లందరినీ పైకి పంపేది నేను. నేను మెట్లెక్కి ఇంటికి పోతే మా వర్క్‌షాపులో నన్ను బతకనిస్తారా?" అన్నాడు. రెండో ఇంట్లో వంటగది తలుపు తెరిస్తే స్టవ్‌కి తగిలేది.

"అన్నీ ఒకచోట దొరకవు సార్. ఏదో ఒకటి వదులుకోవాలి," అన్నాడు తాళాలాయన.

"వదులుకుందాం. ఏదన్నది తేలాలిగా," అన్నాడు కొడుకు.

మూడో ఇల్లు అతనికి నచ్చింది. ఒక్కటే పడకగది. కానీ వర్క్‌షాపుకి నడిచిపోవచ్చు, భార్య పనిచేసే లాబ్ కూడా పక్క వీధిలోనే. ఆమె అక్కడ కట్టుడు పళ్ల సెట్లు తయారుచేస్తుంది. గోడలు తట్టి చూశాడు, కిటికీలు మూసి తెరిచాడు, ఈల కూడా వేశాడు.

"అత్తయ్య ఎక్కడ పడుకుంటుంది?" అంది ఆమె.

అతను కొళాయి తిప్పి, నీళ్లు పడటం చూస్తూ నిలబడ్డాడు. కట్టేసి, మళ్లీ తిప్పాడు. ఏది వదులుకోవాలో అతను లెక్క తేల్చేసుకున్నాడని ఆమెకి అర్థమైంది.

"ఇంకొకటి చూద్దాం," అంది తాళాలాయనతో.

నాలుగోది ఊరికి ఆ చివర, గూడ్సు షెడ్డు దాటాక. కింది అంతస్తు, రెండు పడకగదులు, వెనక చిన్న పెరడు. ధర కూడా అందుబాటులోనే ఉంది. తాళాలాయన పొద్దున పదింటికి తీసుకెళ్లి చూపించాడు. వెనక గదిలో ఎండ నేల మీద చాప పరిచినట్టు పడి ఉంది.

"బాగుంది. సాయంత్రం ఒకసారి చూస్తాం," అంది ఆమె.

తాళాల మోత ఆగింది. "చూశారు కదమ్మా. సాయంత్రానికి ఇల్లేమన్నా మారుతుందా?"

"మా దగ్గర పళ్ల సెట్టు ముందు మైనంలో అమరుస్తాం. నోట్లో పెట్టి, మనిషిని కాసేపు మాట్లాడిస్తాం. చూడ్డానికి ముత్యాల్లా ఉంటుంది, నోరు తెరిస్తే ఈల వస్తుంది. మాట్లాడించకుండా ఒక్క సెట్టు కూడా పక్కా చెయ్యలేదు నేను. ఇల్లు చేస్తానా?"

తాళాలాయన ఆమె భర్త వంక చూశాడు. "నా వంక చూడకండి. నేను మైనం దశ దాటి చాలా కాలమైంది," అన్నాడతను.

"సరే రండి. వచ్చాక మాత్రం నన్ను తిట్టకూడదు," అన్నాడు తాళాలాయన.

పెద్దావిడని ఒక్కదాన్నే వదలలేక వెంట తీసుకెళ్లారు. దారిలోనే పొద్దు వాలింది. ఆటోలో కొడుకు పక్కన కూచుని, సంచి ఒళ్లో పెట్టుకుని, "బాబూ, మీరెవరోగానీ పుణ్యం ఉంటుంది, మమ్మల్ని ఇంటి దగ్గర దింపుతారా?" అని అడిగింది. అతను "అలాగేనండీ" అన్నాడు.

ఇంట్లో ముందుగదిలో అప్పటికే మసక. తాళాలాయన లైటు వేశాడు. వెనక గది తలుపు తీస్తే నేల మీద ఎండ పొద్దున ఎక్కడుందో అక్కడే ఉంది. కొడుకు పెరట్లోకి వెళ్లి బయటి నుంచి ఆ కిటికీ చూసి వచ్చాడు. బయట ఆకాశం బూడిదరంగు.

"పొద్దు ఆగిపోయిన గదా ఇది?" అన్నాడు, గోడకి చెమ్మ కనిపెట్టినవాడిలా.

"కట్టినప్పట్నించీ అంతే సార్. ఎప్పుడూ పది గంటలే. మిగతా ఇల్లు నిక్షేపం."

"అందుకా పొద్దున పదింటికి తీసుకొచ్చారు!" అంది ఆమె.

"తిట్టకూడదని ముందే అన్నాను కదమ్మా."

"మా పిన్నత్తగారింట్లో వంటగది తెల్లవారుజాము దగ్గర ఆగిపోయింది. పాపం ఆవిడ బతికినన్నాళ్లూ ఆవలిస్తూనే వండింది," అన్నాడు కొడుకు. "ఈ గదిలో నిద్రేం పడుతుంది? పరదాలు వేస్తే?"

"ముందున్నవాళ్లు వేశారు సార్. పొద్దున పదింటికి పరదాలు వేసుకున్నట్టే ఉంటుంది."

"అయితే ఇది రెండు పడకగదుల ఇల్లు కాదు. ఒకటే."

అలా వాదించుకుంటూ ముగ్గురూ ముందుగదిలోకి వచ్చారు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. పెద్దావిడ లేదు.

కొడుకు వీధిలోకి పరుగెత్తాడు. గూడ్సు షెడ్డు వైపు ఒక లారీ హారన్ కొడుతూ పోతోంది. తాళాలాయన రెండోవైపు ఉరికాడు. కోడలు గుమ్మం దాకా వెళ్లి, ఏమనుకుందో, వెనక్కి తిరిగింది.

పెద్దావిడ వెనక గదిలో ఉంది. వాళ్లు ముందుగదిలోకి వస్తున్నప్పుడు ఆ గది పెరటి తలుపులోంచి లోపలికొచ్చి, ఖాళీ రంగు డబ్బా బోర్లించుకుని ఎండలో కూచుంది. సంచిలోంచి దువ్వెన తీసి తల దువ్వుకుంటోంది.

"ఈ కిటికీ ఊచలకి రంగెవడు వేశాడే? చేతులతో వేశాడా, కాళ్లతో వేశాడా?" అంది.

కోడలు కేకేసింది. కొడుకు రొప్పుతూ వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఏరా, పదవుతోంది, ఇంకా డ్యూటీకి పోలేదేం? ఆ గుండీ సరిగ్గా పెట్టుకో."

అతను గుండీ విప్పి, సరిగ్గా పెట్టుకున్నాడు. "ఇవాళ ఆదివారం అమ్మా," అన్నాడు.

"అయితే కూచో."

కూచున్నాడు. బయట పెరట్లో గోడ కనిపించకుండా పోయింది. వీధి దీపాలు వెలిగాయి. ఆవిడ ఈలోగా రంగు వేసినవాణ్ణి, కిటికీ చేసినవాణ్ణి, ఇంత ఇంట్లో ఒక్క కుర్చీ పెట్టనందుకు తాళాలాయన్నీ వరసగా కడిగేసింది. ఇంటికి పోదామన్న మాట ఎత్తలేదు.

"పోదామా అమ్మా?" అన్నాడు చివరికి, భయంభయంగా.

"ఇప్పుడేం మునిగిపోయిందిరా?"

భార్యాభర్తలు పెరట్లోకి వచ్చారు. రెండో పడకగది ఆవిడకి రాత్రి పడుకోవడానికి కావాలి. వాళ్ల పడక ఇక ముందుగదిలోనే. ఆమె లాబ్‌కి రెండు బస్సులు మారాలి. అతను గంట ముందు లేవాలి. లారీలు రాత్రంతా తిరుగుతాయి.

"నిద్ర కూడా వదులుకున్నట్టే," అన్నాడతను.

"అది వదిలి చాలా కాలమైందిగా. కొత్తగా పోయేదేముంది?"

అతను నవ్వబోయి, ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఫోను తీశాడు. నిలయంవాళ్ల నంబరు లిస్టులో పైనే ఉంది.

"ఆ మంచం ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి," అన్నాడు. అవతల కారణం అడిగినట్టున్నారు. "ఇల్లు దొరికిందండీ."

నెలాఖరుకి సామాను చేరింది. ఎండ వాలే వేళకి పెద్దావిడ బఠాణీల పళ్లెం తీసుకుని వెనక గదిలోకి పోతుంది, బాగా చీకటి పడ్డాక కోడలు పిలిస్తే వస్తుంది. వీధి తలుపుకి తాళం వెయ్యడం మానేశారు. కొత్తలో ఒకటి రెండు సాయంత్రాలు కోడలు టీ పెట్టి, అలవాటు కొద్దీ అడుగుల కోసం విని, రాకపోయేసరికి తనే ఒక కప్పు పోసుకుని స్టూలు మీద కూచుని తాగింది. కూచుని టీ తాగి ఎన్నాళ్లయిందో ఆమెకి గుర్తు రాలేదు.

కొన్ని రోజులకి కొడుకు మేనమామ ఇల్లు చూడ్డానికి వచ్చాడు. పెద్దావిడకి తమ్ముడు. వెనక గది గుమ్మంలో నిలబడి, ఎండనీ, అందులో కూచున్న అక్కనీ చాలాసేపు చూశాడు. తర్వాత టీ తాగుతూ చెప్పాడు. వాళ్ల చిన్నప్పుడు వాళ్లమ్మ నూలు మిల్లులో రాత్రి షిఫ్టు చేసేదట. పొద్దుగూకే వేళకి పిల్లలిద్దరినీ ఎవరో ఒకరింట్లో దింపి పోయేది. మిల్లు ఊరికి బాగా దూరం. మర్నాడు నడిచివచ్చి, పిల్లలని వెంటబెట్టుకుని, సొంత ఇంటి తాళం తీసేసరికి రోజూ పదయ్యేది.